.22 రైఫిల్‌కి కొత్త చెక్క స్టాక్ ఇంట్లోనే అమర్చడం ఎలా?

స్టాక్ అంటే రైఫిల్ ఇనుప భాగాల్ని పట్టి ఉంచి, భుజానికి ఆనే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం. కొత్తది వచ్చిన పెట్టె మీద 'డ్రాప్-ఇన్' అని రాసి ఉంటుంది. పాతది తీసి, కొత్తది పెట్టి, రెండు స్క్రూలు బిగిస్తే పని అయిపోతుందని దాని అర్థం. ప్లాస్టిక్ స్టాక్‌ల విషయంలో చాలాసార్లు అది నిజమే. చెక్క మాత్రం అంత తేలిగ్గా లొంగదు. ఒకచోట ఆవగింజంత ఎత్తు, ఇంకోచోట గోరంత ఖాళీ ఉండనే ఉంటాయి. ఆ ఎత్తుని స్క్రూ తిప్పి బలవంతంగా అణిచేస్తే చేతికి బిగుతుగానే తగులుతుంది, కానీ లోపల ఇనుము వంగి కూర్చుంటుంది. ఆ తర్వాత గురి పొద్దున ఒకచోట, ఎండెక్కాక ఇంకోచోట తగులుతుంటే మనం తూటాలని తిట్టుకుంటాం.

అందుకే ఈ పనంతటికీ ఒకటే కొలమానం పెట్టుకోండి. స్క్రూలు లేకుండానే రైఫిల్ స్టాక్‌లో కుదురుగా కూర్చోవాలి. కూర్చున్నదాన్ని కదలకుండా ఉంచడానికే స్క్రూ.

ఇక్కడ నేను చెప్పేది .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) తూటా వాడే బోల్ట్ యాక్షన్ రైఫిల్ గురించి, అంటే వెనక ఉన్న బోల్ట్‌ని చేత్తో లాగి, తోసి తూటా ఎక్కించే రకం. మొదటిసారి చేసేవాళ్లకి ఇంతకంటే మంచి రైఫిల్ దొరకదు. 1887 నుంచీ వాడుకలో ఉన్న చిన్న తూటా దీనిది, భుజానికి తగిలే తన్ను దాదాపు లేనట్టే. పెద్ద క్యాలిబర్‌లో కొలత కాస్త తప్పితే ఆ తన్నుకి స్టాకే పగలొచ్చు. ఇందులో తప్పు చేసినా మహా అయితే గురి చెదురుతుంది, మళ్లీ సరిచేసుకోవచ్చు.

ముందు ఖాళీ చేయండి

మ్యాగజైన్ తీయండి. బోల్ట్ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. తర్వాత బోల్ట్‌ని పూర్తిగా బయటికి తీసి పక్కన పెట్టండి. తూటాల పెట్టె ఈ గదిలోనే ఉండకూడదు. పని మధ్యలో టీకి లేచి వెళ్లి వచ్చినా సరే, చేతిలోకి తీసుకునే ముందు మళ్లీ చూడండి. ఇది చాదస్తం కాదు.

ఇంకో మాట. స్టాక్ మార్చడం అంటే చెక్క పని మాత్రమే. ట్రిగ్గర్ లోపలి భాగాల జోలికి వెళ్లకండి, అది గన్‌స్మిత్ పని. అలాగే మడిచే స్టాక్‌లు, బొటనవేలు రంధ్రం ఉన్నవి, రైఫిల్ మొత్తం పొడవుని తగ్గించేవి కొన్నిచోట్ల చట్టం ఒప్పుకోదు. కొనే ముందే మీ లైసెన్స్ షరతులు చూసుకోండి.

సరైనదే వచ్చిందా?

ఒకే పేరుతో ఉన్న రైఫిల్‌కి కూడా రకరకాల స్టాక్‌లు ఉంటాయి. బోల్ట్ యాక్షన్ కాకపోయినా అందరికీ తెలిసిన ఉదాహరణ రూగర్ 10/22. 1964లో వచ్చిన ఈ రైఫిల్‌కి మామూలు సన్న బ్యారెల్ ఉంటుంది, 0.920 అంగుళాల లావు బ్యారెల్ కూడా ఉంటుంది. సన్నదానికి చేసిన గాడిలో లావుది పట్టదు. లావుదానికి చేసిన గాడిలో సన్నది పెడితే పడవలో పుల్ల పెట్టినట్టుంటుంది. కాబట్టి బ్యారెల్ లావు, స్క్రూల మధ్య దూరం, మ్యాగజైన్ రకం, రిసీవర్ (బోల్ట్ ఉండే ఇనుప భాగం) అడుగు గుండ్రమా చదునా అన్నవి పాత స్టాక్ పక్కన పెట్టి కొలవండి. స్క్రూల మధ్య దూరం ఒక మిల్లీమీటర్ తేడా ఉన్నా తిరిగి పంపించేయడమే మంచిది. రంధ్రాన్ని పెద్దది చేసి సర్దుకుందాం అన్న ఆలోచన వస్తుంది. రానివ్వకండి.

చెక్క నారని కూడా చూడండి. చెయ్యి పట్టుకునే సన్నని మెడ భాగంలో నార నిలువుగా, మెడ వెంబడే సాగాలి. అక్కడ నార అడ్డంగా కోసుకుపోతుంటే ఎంత అందమైన వాల్‌నట్ అయినా ఏదో ఒకరోజు అక్కడే విరుగుతుంది. పాత స్టాక్ పగిలిందని మారుస్తున్నారా? అయితే ఆ పగులునే పరిశీలించండి, చాలావరకు నార ఎటు పోయిందో పగులూ అటే పోయి ఉంటుంది.

వచ్చిన స్టాక్‌ని వెంటనే చెక్కకండి. పని చేసే గదిలోనే రెండు వారాలు ఊరికే ఉంచండి. చెక్క గాలిలోని తేమని పీల్చుకుంటుంది, వదులుతుంది. పొడవులో పెద్దగా మారదు గానీ అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. ఈరోజు అతికినట్టు చెక్కిన గాడి రెండు వారాల తర్వాత బ్యారెల్‌ని నొక్కేయొచ్చు.

విప్పడం

స్క్రూ తలలోని గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి. ఇంట్లో వాడే మామూలు స్క్రూడ్రైవర్ మొన కోసుగా ఉంటుంది, గాడి పైఅంచుని మాత్రమే పట్టుకుంటుంది, జారిందంటే స్క్రూ తల, పక్కన ఉన్న చెక్క రెండూ పోతాయి. తుపాకీ పనికి వాడేవాటి మొన రెండు వైపులా సమాంతరంగా ఉండి గాడి అడుగుదాకా దిగుతుంది.

ముందు స్క్రూ, వెనక స్క్రూ పొడవులు చాలా రైఫిళ్లలో వేరు. తీసిన ప్రతిదాన్నీ కాగితం మీద పెట్టి పక్కన పేరు రాయండి. ఫోన్‌తో ఫొటోలు తీయండి, ఎక్కువే తీయండి.

స్క్రూలు తీశాక బ్యారెల్, రిసీవర్ కలిసి ఉన్న ఇనుప భాగాన్ని, అంటే యాక్షన్‌ని, నిటారుగా పైకి ఎత్తాలి. రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి మీటకండి. తలకిందులు చేసి, కింద మెత్తటి గుడ్డ పరిచి, స్టాక్‌ని అరచేత్తో తట్టండి. 10/22 అయితే సేఫ్టీ బటన్‌ని అటూ ఇటూ కాకుండా సరిగ్గా మధ్యలో పెడితే తప్ప బయటికి రాదు. ఈ సంగతి తెలియక పావుగంట కుస్తీ పట్టేవాళ్లు చాలామంది.

గాడి చెక్కడం

అసలు పని ఇదే, ఎక్కువ సమయం పట్టేదీ ఇదే. రెండు సాయంత్రాలు కేటాయించండి.

దీపం మసిని రెండు చుక్కల నూనెలో కలిపి పేస్ట్‌లా చేసుకోండి. లిప్‌స్టిక్ అయినా పనిచేస్తుంది. యాక్షన్ అడుగున, పక్కల, బ్యారెల్ కింది సగానికి బ్రష్‌తో చాలా పల్చగా పూయండి. పల్చగా అంటే ఇనుము రంగు లోపలినుంచి కనపడేంత. మందంగా పూస్తే తగిలినచోటా తగలనిచోటా మసే కనిపిస్తుంది, ఏది నిజమో తెలియదు. ఇప్పుడు యాక్షన్‌ని నిటారుగా స్టాక్‌లోకి దించి, పైనుంచి చిన్న రబ్బరు సుత్తితో ఒకటి రెండు దెబ్బలు మెల్లగా వేసి, మళ్లీ నిటారుగా ఎత్తండి. చెక్క మీద నల్ల మచ్చలు పడి ఉంటాయి. అడ్డం వస్తున్నది అవే. ఆ మచ్చల్నే గీకాలి, మిగతాదాన్ని ముట్టుకోకూడదు.

దించేటప్పుడు పక్కకి ఒరిగితే మచ్చలు అబద్ధం చెబుతాయి. దీనికో చిట్కా ఉంది. స్క్రూల మర కొలతకే సరిపోయే రెండు పొడవాటి స్క్రూలు తీసుకుని, తలలు కోసేసి, యాక్షన్‌కి బిగించండి. అవి స్టాక్ రంధ్రాల్లోంచి జారుతూ ప్రతిసారీ ఒకే దారిలో దించుతాయి.

గీకడానికి పదునైన ఉలి, చిన్న స్క్రేపర్ చాలు. ఉలిని తోయకుండా, బ్లేడుని నిలబెట్టి గీకండి. రాలేది పొట్టులా ఉండాలి. ముక్కలా లేచిందంటే ఎక్కువ తీస్తున్నారని అర్థం. తీసిన చెక్కని తిరిగి పెట్టలేం. మసి పూయడం, దించడం, ఎత్తడం, గీకడం, మళ్లీ పూయడం. ముప్పై నలభై సార్లు చేయాల్సి రావచ్చు. పదిహేనోసారికి విసుగొస్తుంది, మచ్చ మచ్చకీ ఇదేం గోల, ఒక్కసారిగా పెద్దగా తీసేద్దాం అనిపిస్తుంది. ఆ క్షణంలో ఉలి కింద పెట్టి లేచి వెళ్లిపోండి. నా మొదటి స్టాక్‌లో ఎడమ గోడ దగ్గర కనిపించే ఖాళీ సరిగ్గా అలాంటి రాత్రిదే.

ఎక్కడ ఆపాలో చెవి చెబుతుంది. మొదట్లో సుత్తితో తడితే బోలుగా, డొల్ల శబ్దం వస్తుంది. యాక్షన్ అడుగు చదునుగా ఆనుకుంటున్నకొద్దీ అది గట్టిపడి, చివరికి బల్ల మీద తట్టినట్టు పొడిగా 'టక్' అంటుంది. అప్పుడు మసి చూడండి. స్క్రూ రంధ్రాల చుట్టూ, అడుగున ముందూ వెనకా రెండు చోట్లా మచ్చ విస్తారంగా, సమంగా పడి ఉండాలి. పక్క గోడలకి మచ్చ పడకపోయినా పర్వాలేదు. బరువంతా అడుగు మీదే ఉండాలి.

తూటా పేలినప్పుడు యాక్షన్ వెనక్కి జారకుండా ఆపే చిన్న ఇనుప దిమ్మ, అదే రికాయిల్ లగ్, మీ రైఫిల్‌కి ఉంటే దాని వెనక ముఖం చెక్కకి పూర్తిగా ఆనాలి. ముందు, పక్కలు, అడుగు కాస్త ఖాళీగా ఉండాలి.

బ్యారెల్ గాడి

యాక్షన్ కుదురుకున్నాక బ్యారెల్ కింద కాగితం పట్టీ దూర్చి, ముందు కొన నుంచి రిసీవర్ దాకా లాగండి. మామూలు కాగితం మందం మిల్లీమీటర్‌లో పదో వంతు. అది ఎక్కడ ఆగితే అక్కడ చెక్క తగులుతోంది. చెక్క స్టాక్‌కి చుట్టూ ఒక మిల్లీమీటర్ పైచిలుకు ఖాళీ పెట్టుకోండి. కాలాన్ని బట్టి చెక్క కదులుతుంది, రైఫిల్‌కి కట్టిన బెల్ట్ (స్లింగ్) బిగించి పట్టుకున్నా వంగుతుంది. బ్యారెల్ కంటే కాస్త లావున్న గుండ్రటి కర్రకి సాండ్‌పేపర్ చుట్టి తోస్తే గాడి నున్నగా వస్తుంది.

అయితే ఒక్క జాగ్రత్త. పాత స్టాక్ ముందు కొనలో బ్యారెల్‌కి కావాలనే చిన్న ఆసరా ఇచ్చిన .22 రైఫిళ్లు ఉన్నాయి. సన్న బ్యారెళ్లు కొన్ని ఆ ఒత్తిడితోనే బాగా కొడతాయి. బ్యారెల్ గాలిలో తేలితేనే గొప్ప అన్నది పెద్ద రైఫిళ్ల నుంచి అరువు తెచ్చుకున్న నమ్మకం. కొత్త స్టాక్‌లోనూ అలాంటి ఆసరా ఉంటే ముందు అలాగే ఉంచి కాల్చి చూడండి. తర్వాత తీసేయడానికి పది నిమిషాలు చాలు.

కదిలేవన్నీ కదులుతున్నాయా?

స్క్రూలు బిగించి, బోల్ట్ పెట్టి నెమ్మదిగా మూయండి. బోల్ట్ పిడి కిందికి దిగినప్పుడు చెక్కకి తగలకూడదు. తగిలితే బోల్ట్ పూర్తిగా మూసుకోలేదన్నమాట, అది అశ్రద్ధ చేసే విషయం కాదు. ముందు స్క్రూ పొడవెక్కువై లోపలికి పొడుచుకొచ్చి బోల్ట్‌ని రాస్తుందేమో కూడా చూడండి. స్క్రూ వదులుగా ఉన్నప్పుడు హాయిగా తిరిగిన బోల్ట్, బిగించాక పట్టేస్తోందంటే కారణం చాలావరకు అదే. ట్రిగ్గర్ నొక్కి వదిలితే తనంతట తనే ముందుకి రావాలి, సేఫ్టీ రెండు స్థానాల్లోకీ పూర్తిగా పోవాలి, మ్యాగజైన్ తోస్తే 'క్లిక్' మనాలి. .22 లాంటి రిమ్‌ఫైర్‌ని, అంటే పిన్ను తూటా అడుగు అంచుని కొట్టి పేల్చే రకాన్ని, ఖాళీగా పేల్చి చూడొద్దు. కొన్ని రైఫిళ్లలో పిన్ను నేరుగా ఛాంబర్ అంచుని కొట్టి సొట్ట చేస్తుంది. పేలిపోయిన ఖాళీ గుల్లని పెట్టి చూసుకోండి.

బెడ్డింగ్ అవసరమా?

బెడ్డింగ్ అంటే యాక్షన్ కూర్చునేచోట గట్టిపడే ఎపాక్సీ జిగురు పోసి ఖాళీలు నింపడం. అది కావాలో వద్దో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రైఫిల్‌ని నిలబెట్టి, బ్యారెల్, స్టాక్ ముందు కొన కలిసేచోట వేలికొస రెండింటికీ తగిలేలా పెట్టండి. ఇంకో చేత్తో ఒక స్క్రూని వదులు చేసి, మళ్లీ బిగించండి. వేలికి కదలిక తెలిస్తే యాక్షన్ ఇంకా వంగే కూర్చుంటోందని అర్థం. తర్వాత రెండో స్క్రూతో అదే చేయండి. ఏమీ తెలియకపోతే బెడ్డింగ్ మానేయండి, మీ చెక్కడం బాగుంది.

కదలిక ఉంటే ఎపాక్సీ పోయాలి. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, సర్దుకునే టైమ్ ఉండదు. ఇరవై నాలుగు గంటలు పట్టేది తీసుకోండి. అడుగున రెండు చోట్లా చెక్కని ఒకటి రెండు మిల్లీమీటర్లు లోతు చేయండి. ఇనుము మొత్తానికి మైనం ఉన్న షూ పాలిష్ రెండు పూతలు పూసి, ఆరాక గుడ్డతో తుడవండి. యాక్షన్‌లోని ప్రతి రంధ్రాన్నీ, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న సందుల్నీ పిల్లలు ఆడుకునే బంకమట్టితో పూడ్చండి. రికాయిల్ లగ్‌కి ముందు, పక్కల, అడుగున ఒక పొర టేప్ అంటించండి. ఎపాక్సీ పోసి, యాక్షన్‌ని దించి, స్క్రూల్ని వేళ్లతో తిప్పినంతే తిప్పి వదిలేయండి. గట్టిగా బిగిస్తే ఆ వంపునే ఎపాక్సీలో అచ్చు పోసినట్టవుతుంది, చేసిన పనంతా వృథా.

స్క్రూ మరలకి కూడా పాలిష్ పూయాలి. నేనోసారి వెనక స్క్రూకి పూయడం మర్చిపోయాను. మర్నాడు ముందుది మర్యాదగా వచ్చింది, వెనకది ససేమిరా అంది. సోల్డరింగ్ ఐరన్ కొనని స్క్రూ తల మీద రెండు నిమిషాలు ఆనించి, ఎపాక్సీ మెత్తబడ్డాక తిప్పితే కిర్రుమంటూ కదిలింది. ఆ రెండు నిమిషాలూ పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

మీ ఒంటికి సరిపోవాలి

బట్ (భుజానికి ఆనే వెనక భాగం) చివరి నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న దూరం పెద్దవాళ్ల రైఫిళ్లలో సాధారణంగా 34 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మీకు ఎంత కావాలో తెలియాలంటే, వేటకి వెళ్లేటప్పుడు వేసుకునే కోటు వేసుకుని, కళ్లు మూసుకుని రైఫిల్‌ని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. స్కోప్‌లో నిండు వృత్తం కనిపించాలి. మెడ సాచాల్సి వస్తే స్టాక్ పొడవెక్కువ. బొటనవేలికీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ల ఎడం కూడా లేకపోతే పొట్టి. చెంప గాల్లో తేలుతుంటే చెంప ఆనే భాగం ఎత్తు చాలట్లేదు.

కోయాల్సి వస్తే రబ్బరు ప్యాడ్ మందాన్ని లెక్కలో కలుపుకోవడం మరవకండి. కోసే గీత చుట్టూ టేప్ వేసి, సన్న పళ్ల రంపంతో టేప్ మీదే కోస్తే అంచు చిట్లదు.

నూనె పెట్టే ముందు కాల్చి చూడండి

చాలామంది ముందు మెరుగు పెట్టేసి, తర్వాత కాల్చి, మళ్లీ గీకాల్సి వచ్చి బాధపడతారు. కాల్చడం ముందు పెట్టుకోండి.

బిగించేటప్పుడు రైఫిల్‌ని బట్ మీద నిలబెట్టి నేలకి ఒకసారి మెల్లగా తట్టండి, యాక్షన్ వెనక్కి ఆనుకుంటుంది. ముందు స్క్రూ మొదట, వెనకది తర్వాత, కొంచెం కొంచెంగా బిగించండి. తయారీదారు చెప్పిన లెక్క ఉంటే అదే పాటించండి. లేకపోతే చెక్క స్టాక్ ఉన్న .22కి 15 నుంచి 20 ఇంచ్-పౌండ్లు చాలు, అంటే దాదాపు 1.7 నుంచి 2.3 న్యూటన్ మీటర్లు. బిగుతు కొలిచే టార్క్ రెంచ్ కొనడం దండగ అనుకోకండి, చేతి అంచనా రోజుకోలా ఉంటుంది.

రేంజ్‌లో 50 గజాల దూరంలో, ఎప్పుడూ వాడే తూటాలతోనే, ఒకే గురికి అయిదేసి తూటాల చొప్పున నాలుగు గ్రూపులు కాల్చండి. గురి పాతచోట తగలకపోవడం మామూలే, స్టాక్ మారింది కాబట్టి జీరో, అంటే సరిచేసి పెట్టుకున్న గురి, మారుతుంది. చూడాల్సింది గ్రూపులు ఒకేచోట పడుతున్నాయా లేదా అన్నది. బ్యారెల్ వేడెక్కేకొద్దీ గుళ్లు ఒకే దిక్కుకి జరుగుతూ పోతుంటే గాడిలో ఎక్కడో చెక్క తగులుతోంది, కాగితం పట్టీ మళ్లీ బయటికి తీయండి. రెండు చోట్ల గుంపులు పడుతుంటే స్క్రూలనీ బెడ్డింగ్‌నీ అనుమానించండి.

అన్నీ కుదిరాక మెరుగు. 180, 220, 320 నంబర్ల సాండ్‌పేపర్‌తో నార వెంబడే రుద్దండి, ముక్కుకి మాస్క్ వేసుకోండి. తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే సన్న నూగు లేస్తుంది, దాన్ని చివరి నంబర్‌తో మళ్లీ తీసేయండి. మరిగించిన అవిసె నూనెని ('బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్' పేరుతో దొరికేది, ఇంట్లో మరిగించేది కాదు) పల్చగా పూసి, పావుగంటాగి మిగిలిందంతా తుడిచేసి, ఒకరోజు ఆరనివ్వాలి. ఇలా అయిదారు పూతలు. గాడి లోపల, బట్ ప్యాడ్ కింద ఉన్న కోసిన అంచుకి కూడా పూయాలి. నీళ్లు ఎక్కువగా తాగేది ఆ అంచే, ఎవరికీ కనపడదని అందరూ వదిలేసేదీ అదే. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి ఉంచండి.

మొదటి నెలలో చెక్క స్క్రూల కింద కొద్దిగా అణుగుతుంది. వందో రెండొందలో తూటాలు కాల్చాక టార్క్ రెంచ్ పెట్టి చూడండి. స్క్రూ పావు చుట్టు తిరిగితే ఆశ్చర్యపోకండి. బిగించి, అదే రోజు జీరో ఇంకోసారి చూసుకోండి.